సీరియల్ ట్యూనుకు నేను రాసిన మాటలు

సార్ నన్ను తన గదిలోకి పిలిచి, "అమ్మా, మన సీరియల్ ట్యూను ఉంది గద, దానికి జెర మాటలు రాసియ్యి" అన్నారు. అప్పటికి ఆ సీరియల్ మొదలై ఆరు నెలలు దాటింది. వారంలో ఐదు రోజులు, సాయంత్రం ఏడున్నరకు టైటిల్స్ పడుతున్నప్పుడు వయొలిన్ మీద ఒక ట్యూను వస్తుంది. మాటలేమీ ఉండవు. ఆ వయొలిన్ వినిపించగానే మా చిలకలగూడ సందులో ఆడవాళ్ళు పొయ్యి కట్టేసి టీవీల ముందుకు వచ్చేవాళ్ళు. అందరికీ అలవాటైపోయిన ట్యూనుకు ఇప్పుడు మాటలేమిటో నాకు అర్థం కాలేదు. గృహప్రవేశం అయిపోయాక పునాది తవ్వమన్నట్టు ఉంది.

"పాడిస్తారా సార్?" అని అడిగాను.

"ముందుగాల నువ్వైతే రాయి. తర్వాత చూస్కుందాం" అన్నారు. అని ఫోను ఎత్తుకున్నారు.

మా ఆఫీసు బేగంపేటలో ఉండేది. ఆఫీసంటే ఒక పాత రెండంతస్తుల ఇల్లు. కింద డబ్బింగు గది, పైన సార్ గది, మధ్యలో మెట్ల కింద నా కంప్యూటరు. రచయిత చేత్తో రాసి పంపిన సీన్లను నేను తెలుగులో టైపు చేసి, నటులకు పంచడానికి కాగితాలు తీయాలి. విమానాశ్రయం దగ్గరే కాబట్టి తల మీద నుంచి విమానం వెళ్ళినప్పుడల్లా కింద డబ్బింగు ఆపేసేవారు. సార్‌వాళ్ళది తరతరాలుగా ఇక్కడే ఉంటున్న కుటుంబం. జనరల్ బజార్‌లో వాళ్ళ నాన్నగారి బట్టల దుకాణం ఉండేది. దాన్ని తమ్ముడికి అప్పగించి, ఈయన సీరియల్ మొదలుపెట్టారు. మంచి మనిషి. జీతం ఆలస్యమైతే తనే వచ్చి చెప్పేవారు.

ఆ ట్యూను కట్టింది మా చర్చిలో క్వయర్ మాస్టారు. ఆయన్ని సార్‌కు పరిచయం చేసింది నేనే. సీరియల్ మొదలుపెట్టేముందు, పెద్ద సంగీత దర్శకులకు ఇచ్చుకోలేక సార్ ఆలోచిస్తుంటే, మా మాస్టారి గురించి చెప్పాను. మాస్టారు రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరై, బొల్లారంలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. సొంత ఊరు గుంటూరు దగ్గరైనా ఉద్యోగమంతా సికింద్రాబాదులోనే. నా ఎనిమిదో ఏటి నుంచి ఆయన దగ్గరే పాట నేర్చుకున్నాను. ఒక శనివారం వయొలిన్ పెట్టె పట్టుకుని బేగంపేట వచ్చి, సార్ ఎదురుగా నిలబడి ఒక ట్యూను వాయించారు. సార్ రెండోసారి వాయించమనలేదు. "గిదే" అన్నారు. తర్వాత ఆయనచేత ఏవో కాగితాల మీద సంతకాలు కూడా పెట్టించారు. బొంబాయిలో పాటలవాళ్ళ సంఘం ఒకటి ఉందని, సీరియల్ ఎక్కడ వేసినా ట్యూను కట్టినవాళ్ళకు కొంత డబ్బు వస్తూ ఉంటుందని చెప్పారు. మాస్టారు నమ్మలేదుగానీ సంతకం పెట్టారు.

ఇక మాటల సంగతి. నేను అంతకుముందు రాసినవల్లా సండే స్కూలు పిల్లలకు క్రిస్మస్ పాటలు. సీరియల్ పాట ఎలా ఉండాలో తెలియదు. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే బస్సులో ఆ ట్యూనును లోలోపల అనుకుంటూ వచ్చేదాన్ని. ఇంట్లో కూడా అదే. అమ్మ మిషన్ స్కూల్లో టీచరు, నాన్న నా చిన్నప్పుడే పోయారు, ఇద్దరమే ఉండేవాళ్ళం. "ఏమే, కూర మాడుతుంటే ఆ కూనిరాగం ఏంటే?" అని వంటింట్లోంచి అరిచేది. "సార్ పాట రాయమన్నారమ్మా" అని చెప్పాక మాత్రం, కూర తనే చూసుకోవడం మొదలుపెట్టింది.

ట్యూనులో నాలుగు వరసలు. మొదటి రెండూ సులువుగా నడుస్తాయి. మూడో వరసలోనే వచ్చింది చిక్కు. అది పైకెక్కి, సగంలో ఆగిపోతుంది. వయొలిన్ ఊరికే ఉంటుంది. తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ కదులుతుంది. ఆ ఖాళీలో ఏ మాట పెట్టాలో చాలా రోజులు తెలియలేదు. చివరికి "అమ్మా" అని పెట్టాను.

ఎవరో తలుపు తట్టినట్టుంది
ఇంకా పొద్దు పోనేలేదు
వచ్చేదెవరో, అమ్మా, తెలియదు
అయినా దీపం పెట్టే ఉంది

ముగ్గురు తోడికోడళ్ళ కథకు ఇది సరిపోతుందో లేదో తెలియదు. తెల్ల కాగితం మీద నీటుగా టైపు చేసి సార్‌కు ఇచ్చాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కళ్ళు అక్షరాల మీద ఆగినట్టు నాకు అనిపించలేదు.

"మస్తుంది" అన్నారు. "కింద డబ్బింగు రూముల ఒక్కసారి పాడి క్యాసెట్ల ఎక్కియ్యి."

సౌండు చూసే అతను మైకు పెట్టాడు. హార్మోనియం శ్రుతి మీద పాడాను. మూడో వరసలో ఉండగా విమానం వెళ్ళింది. నేను ఆపేసి, మళ్ళీ పాడతానన్నాను. సార్ అద్దం అవతలి నుంచి చెయ్యి ఊపారు.

"అవసరం లేదమ్మా, గంతే చాలు."

"విమానం వినిపిస్తుంది సార్."

"వినిపిస్తే వినిపియ్యనీ."

ఆ క్యాసెట్టూ, పాట కాగితమూ ఒక కవరులో పెట్టి బొంబాయికి పంపాలన్నారు. కాగితం కింద రాసినవారి పేరు టైపు చెయ్యమన్నారు. ఎవరి పేరని అడిగితే తన పేరు చెప్పారు. నా చేతులు కీబోర్డు మీద ఆగాయి.

"నీ పేరు పెడితే నీకే పరేషాన్ బిడ్డా. మెంబర్ కావాలె, కాగితాలు, సంతకాలు... అంతా తక్లీఫ్. నేను చూస్కుంట" అన్నారు. ఆ నెల జీతంతో పాటు కొంత అదనంగా ఇచ్చారు. దాంతో అమ్మకు మిక్సీ కొన్నాను.

అమ్మ ఊరుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి, మా అమ్మాయి సీరియల్‌కి పాట రాసిందని అందరికీ చెప్పేసింది. సోమవారం సాయంత్రం ఏడింటికల్లా ఐదారుగురు ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చారు. మంచం మీద, కింద చాప మీద సర్దుకుని కూర్చున్నారు. నేను వద్దంటున్నా అమ్మ టీ పెట్టింది. ఏడున్నర అయింది. వయొలిన్ మొదలైంది. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. పేర్లు పడ్డాయి. వయొలిన్ అయిపోయింది. తోడికోడళ్ళు పోట్లాట మొదలుపెట్టారు.

"ఏదమ్మా పాట?" అంది మా పక్కింటి ఆంటీ.

"వాయిద్యం వెనకాల సన్నగా ఉందేమో, సౌండు పెంచాల్సింది" అంది ఇంకొకావిడ.

"రేపటి నుంచి వేస్తారు" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. రేపూ వెయ్యలేదు, ఎల్లుండీ వెయ్యలేదు. ఆ వారమంతా అమ్మ టీవీ ముందు కుర్చీ లాక్కుని, చెవి ముందుకు పెట్టి కూర్చునేది. నేను వంటింట్లో నిలబడి, ఆ వయొలిన్‌కు నా మాటలు నాలో నేనే పాడుకునేదాన్ని. అవి ఉన్నాయో లేవో అనే అనుమానం కూడా వచ్చేది. నేను రాశాను, పాడాను, క్యాసెట్టు బొంబాయి వెళ్ళింది. కానీ ఎవరికీ వినపడవు. సార్‌ను అడిగితే, "అయితది, అయితది" అనేవారు. నా పాట బాగా లేదు కాబోలు, మొహమాటానికి చెప్పలేకపోతున్నారు అనుకున్నాను. మరి బాగా లేనిదాన్ని బొంబాయికి ఎందుకు పంపినట్టు? బాగా లేనిదానికి తన పేరెందుకు పెట్టుకున్నట్టు? ఆలోచించిన కొద్దీ చిక్కు పడింది. చివరికి ఆలోచించడం మానేశాను.

ఏడాది తిరిగింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మాస్టారు, ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. ఆవిడను నేను ఆంటీ అంటాను. ఎండలో బొల్లారం నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. అమ్మ వందనాలు చెప్పి మజ్జిగ ఇచ్చింది. మాస్టారు గ్లాసు పట్టుకునే నా వైపు చూశారు.

"అమ్మాయ్, నా ట్యూనుకు మాటలున్నాయట. నీకేమైనా తెలుసా?"

నేను బిత్తరపోయాను. "మీకెవరు చెప్పారు మాస్టారూ?"

ఆయన చెప్పిన సంగతి ఇది. మా సీరియల్‌ను ఇతర దేశాల్లో ఉన్న తెలుగువాళ్ళ కోసం కూడా వేస్తున్నారు. దానికిగాను బొంబాయి సంఘం నుంచి ఆయనకు మొదటిసారి కొంత డబ్బు వచ్చింది. రెండోసారి అందులో సగమే వచ్చింది. ఏదో పొరపాటు అనుకుని, ఇంగ్లీషు బాగా వచ్చిన మేనల్లుడిచేత ఫోను చేయించారు. పొరపాటేమీ లేదు, ఈ పాటకు మాటలు ఉన్నాయి, డబ్బులో సగం ఆ మాటలు రాసినాయనకు వెళ్తుంది అని వాళ్ళు చెప్పారు. మాటలు రాసినాయన అంటే మా సార్.

"ఆయన మాటలు రాస్తాడా?" అన్నారు మాస్టారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నారు. "నేను రోజూ వింటున్నాను కదమ్మా. ఒక్క మాట కూడా లేదే. నా చెవులకేమైనా అయిందా అని ఈవిడను అడిగాను."

"నేనే రాశాను మాస్టారూ."

ఆంటీ నన్నూ, మాస్టారినీ మార్చి మార్చి చూసింది.

"నువ్వా? మరి పాడలేదేం?"

"తెలియదు మాస్టారూ. నన్ను ఒకసారి పాడమన్నారు. విమానం వచ్చింది. చాలన్నారు."

అప్పటికి మా నలుగురిలో ఆంటీకే ముందుగా అర్థమైంది. ఆవిడ రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఏ విషయమైనా నాన్చదు. "అర్థం కాకపోవడానికేముంది? పాడటానికి రాయించలేదు. సగం తీసుకోవడానికి రాయించాడు. ట్యూను కట్టినాయనకి సగం, మాటలు రాసిన పిల్లకి మిక్సీ, మిగతా సగం ఆయన జేబుకి" అంది.

నేను రాసిన నాలుగు వరసలు మా మాస్టారి సగం తీసుకున్నాయా? ఆయనే కదా నాకు శ్రుతి అంటే ఏమిటో చెప్పింది. ఏడవాలో, క్షమించమనాలో తెలియలేదు. కానీ మాస్టారు ఇవేవీ పట్టించుకోకుండా కుర్చీ ముందుకు జరిపారు.

"పాడు, విందాం" అన్నారు.

పాడాను. ఆయన కళ్ళు మూసుకుని మోకాలి మీద తాళం వేస్తున్నారు. మూడో వరసలో "అమ్మా" అనగానే చెయ్యి ఎత్తి ఆపేశారు.

"అక్కడ మాట ఉండకూడదమ్మా. అది అవుటర్."

నాకు అర్థం కాక చూశాను. ఆయన చెప్పారు. గూడ్సు బండిలో గార్డు చివరి పెట్టెలో ఒక్కడే ఉంటాడు. సికింద్రాబాదు వచ్చేసింది, ఇంటికి వెళ్ళి అన్నం తినొచ్చు అనుకునేసరికి అవుటర్ సిగ్నల్ దగ్గర ఆపేస్తారు. ఎందుకు ఆగిందో చెప్పేవాళ్ళుండరు. ఎంతసేపు ఆగుతుందో తెలియదు. జెండాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమే. ఆ కూర్చోవడంలో కట్టుకున్న ట్యూను ఇది. మూడో వరసలో బండి ఆగుతుంది. మళ్ళీ దానంతటదే కదులుతుంది.

"నువ్వు అక్కడ మనిషిని ఎక్కించావు" అన్నారు నవ్వుతూ. "దించెయ్."

"అమ్మా" తీసేసి మళ్ళీ పాడాను. వచ్చేదెవరో, అని ఆగి, ఖాళీలో ఊరికే ఉండి, తెలియదు, అన్నాను. మా అమ్మ తలుపు వైపు చూసింది, నిజంగా ఎవరో వస్తున్నట్టు. మాస్టారు కాస్త విసుగ్గా, "ఇక నాకు ఆ మాటలు లేకుండా ట్యూను వినిపించదు. ఏం చేశావమ్మా!" అన్నారు. అది మెచ్చుకోవడమో తిట్టడమో ఇంటికి వెళ్ళేదాకా చెప్పలేదు.

మర్నాడు ముగ్గురం సార్ దగ్గరకు వెళ్ళాం. ఆంటీ వస్తానని పట్టుబట్టింది. నా ఉద్యోగం ఈ రోజుతో సరి అనుకుంటూ మెట్లెక్కాను. సార్ ఏమాత్రం తడబడలేదు. లేచి మాస్టారికి తన పక్క కుర్చీ వేశారు. చాయ్, ఉస్మానియా బిస్కట్లు తెప్పించారు.

"తప్పేముంది సార్ దాంట్ల?" అన్నారు. "ఒట్టి ట్యూనైతే పైసలన్నీ ట్యూనుకే. మాటలుంటే సగం మాటలకు. పాడిండ్రా లేదా అని వాళ్ళడుగరు. మాటలున్నయా అని అడుగుతరు. ఉన్నయి. బొంబాయిల ఎంతమంది గిట్ల చేస్తరో తెలుసా మీకు?"

"ఉన్నాయి. కానీ ఎవరూ వినలేదు కదండీ" అన్నారు మాస్టారు.

"వినాల్నని యాడ రాసుంది?"

ఆంటీ అందుకుంది. "రాసింది ఈ పిల్ల కదండీ, మీ పేరెందుకు?"

"అమ్మా, నా దుకాణం హిస్సా కుదువబెట్టి ఈ సీరియల్ తీస్తున్న. నష్టమొస్తే ఈ బిడ్డ ఇల్లు పోతదా, నా ఇల్లు పోతదా? ఆ పైసలతోటి కారు కొన్ననా? ఆర్టిస్టులకే ఇచ్చిన. ఈమె జీతం సుత గందులకెళ్ళే" అన్నారు. "అసలు ఈ మాస్టర్ సార్‌ను ఆ సంఘంల చేర్పించింది ఎవరు? నేనే గద? నేను చేర్పించకుంటే సగం కాదు, ఒక్క పైస రాకపోవు."

అదీ నిజమే. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆయన చెప్పింది సబబుగా అనిపించింది. ఆంటీ మాట్లాడితే ఆవిడ చెప్పింది సబబుగా అనిపించింది. నేను రెండు కుర్చీల మధ్య బిస్కట్ల ప్లేటు పట్టుకుని నిలబడి, ఎవరి వైపు జరపాలో తెలియక బల్ల మీద పెట్టేశాను.

చివరికి మాస్టారు లేచారు. "డబ్బు గురించి నేను రాలేదండీ. ఆ మాటలు బాగున్నాయి. మీ పేరుతోనే ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఒక్కసారైనా టీవీలో వినిపించండి" అన్నారు.

ఆంటీ, "ఆయన డబ్బు గురించి రాలేదేమో, నేను వచ్చాను" అంది. కానీ మాస్టారు అప్పటికే తలుపు దగ్గర ఉన్నారు.

సార్ చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నారు. "ఆఖరి ఎపిసోడ్ల పెడ్త. మాటిస్తున్న" అన్నారు.

నా ఉద్యోగం పోలేదు. మర్నాడు వెళ్తే ఎప్పటిలాగే సీన్ల కాగితాలు బల్ల మీద ఉన్నాయి. సార్ నాతో మామూలుగానే మాట్లాడారు. నాకే ఆయన ఎదురుపడితే ఎటు చూడాలో తెలిసేది కాదు.

సీరియల్ ముగుస్తుందనగా సార్ మాట నిలబెట్టుకున్నారు. క్వయర్లోంచి కొంతమంది బేగంపేట వచ్చి డబ్బింగు గదిలో ఇరుక్కుని నిలబడ్డాం. ఈసారి విమానం వచ్చినప్పుడల్లా మాస్టారు ఆపించి మళ్ళీ పాడించారు. సార్ ఆ రోజు ఊళ్ళో లేరు. మాకందరికీ బిర్యానీ తెప్పించమని, ఆటోలకు డబ్బులివ్వమని చెప్పి వెళ్ళారు.

ఆఖరి ఎపిసోడ్ నాడు అందరం బొల్లారంలో మాస్టారింట్లో చేరాం. క్వయర్‌వాళ్ళు, చర్చి ఆడవాళ్ళు, అమ్మ. గదిలో చోటు చాలక కిటికీ అవతల కూడా కొందరు నిలబడ్డారు. ఎవరూ పిలవకపోయినా, మిఠాయి డబ్బా పట్టుకుని సార్ కూడా వచ్చారు. ఆంటీ ఆయన్ని చూసి మొహం తిప్పుకుంది. మళ్ళీ తనే వెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది.

కథ అయిపోయింది. తోడికోడళ్ళు కలిసిపోయారు. పేర్లు పైకి వెళ్తుండగా వయొలిన్ మొదలైంది, దాని మీద మా గొంతులు. "ఎవరో తలుపు తట్టినట్టుంది." అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంకా పొద్దు పోనేలేదు." అంతే. తెర మీద సబ్బు వచ్చింది. తర్వాత ఒక టీ పొడి, ఇంకో సబ్బు.

"మిగతాది అడ్వర్టైజ్‌మెంట్ల తర్వాత వస్తుంది" అని ఎవరో అన్నారు. తర్వాత వార్తలు వచ్చాయి.

సార్ లేచి నిలబడ్డారు. "నేను మొత్తం పంపిన. ఒట్టు. చానెలోళ్ళు కోసిండ్రు" అన్నారు. ఆయన ముఖం చూస్తే నిజమే చెప్తున్నారని తెలిసింది. ఆంటీ టీవీ కట్టేసింది. మాస్టారు లోపలికి వెళ్ళి వయొలిన్ తెచ్చి, శ్రుతి చూసుకుని మా వైపు తల ఊపారు. మొదటి నుంచి పాడాం. మూడో వరసలో ఆయన కమాను గాలిలో నిలబెట్టారు. గదిలో ఉన్నవాళ్ళు, కిటికీ అవతల ఉన్నవాళ్ళు అలాగే ఉండిపోయారు. ఎక్కువసేపే ఆపారు. క్వయర్లో ఒకమ్మాయి కంగారుపడి ముందే అందుకోబోయి ఆగింది. అప్పుడు ఆయన కదిలారు.

వెళ్ళేటప్పుడు సార్ గేటు దగ్గర నన్ను పిలిచారు.

"గివే నా, నువ్వు రాసిచ్చిన మాటలు?"

"అవే సార్."

"నేను సదువలేదమ్మా అప్పుడు" అన్నారు. స్కూటర్ ఎక్కుతూ, "మంచిగున్నయి. ఆ వచ్చేది ఎవరు మరి?" అని అడిగారు.

"తెలియదు సార్. రాసినప్పుడు కూడా తెలియదు."

ఆయన తల ఊపి స్కూటర్ స్టార్టు చేశారు. మర్నాడు నన్ను పిలిచి, కొత్త కాగితాలు తీయించి, తన పేరు పక్కన నా పేరు కూడా పెట్టించారు. తన పేరు తీసెయ్యలేదు. నేనూ తీసెయ్యమనలేదు. తర్వాత ఒకటి రెండుసార్లు నా పేరు మీద బొంబాయి నుంచి కొంత డబ్బు వచ్చింది. మాస్టారికి ఇవ్వబోతే తీసుకోలేదు. "మాటలు ఉన్నాయి కదమ్మా, మాటలదే" అన్నారు. ఆంటీ మాత్రం, "తీసుకుంటే ఏం పోయింది?" అని ఆయనతో చాలా రోజులు వాదించింది. నాకు ఇద్దరి మాటలూ సరిగ్గానే అనిపించాయి.

సార్ ఇంకో సీరియల్ తీసి, చేతులు కాల్చుకుని, మళ్ళీ బట్టల దుకాణానికి వెళ్ళిపోయారు. నేను యాప్రాల్‌లో ఒక స్కూల్లో మ్యూజిక్ టీచరుగా చేరాను. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఆంటీ ఫోను చేసి, వెంటనే రమ్మంది. ఏమైందోనని ఆటో ఎక్కి పరిగెత్తాను. మాస్టారు బాగానే ఉన్నారు. టీవీ ముందు కూర్చుని ఉన్నారు. మా సీరియల్‌ను కన్నడంలోకి మార్చి వేస్తున్నారు. కేబులబ్బాయి పొరపాటున పెట్టిన చానెల్లో వయొలిన్ వినిపించి, ఆయన చానెల్ మార్చకుండా ఉంచారట. అక్కడ ఆ ట్యూనుకు మాటలు ఉన్నాయి. ఒక అమ్మాయి గొంతు, తీయగా, హాయిగా పాడుతోంది. రోజూ పాడుతోందట.

మాకు ఒక్క మాటా అర్థం కాలేదు. ఎదురింటి రైల్వే ఆయన రాయచూరులో పనిచేసి వచ్చాడని ఆంటీ పిలుచుకొచ్చింది. ఆయన చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"అత్తగారింటి గౌరవం గురించండీ. కోడలు ఇంటికి దీపం అని" అన్నాడు.

"ఎవరు రాశారట?" అన్నాను.

ఆయన తెర దగ్గరకు వెళ్ళి చూసేలోపే పేర్లు వెళ్ళిపోయాయి. ముగ్గురం మర్నాడు కూడా చూశాం, ఆ మర్నాడు కూడా. అక్షరాలు మనవాటిలాగే ఉన్నా, అంత వేగంగా వెళ్తుంటే కూడబలుక్కోవడం మాకు రాదు, చదవగలిగినాయన డ్యూటీలో ఉన్నాడు.

"ఇప్పుడు మాటల సగం ఎవరికి వెళ్తుందండీ?" అని ఆంటీ మాస్టారిని అడిగింది. "ఈ పిల్లకా, కన్నడం రాసినవాళ్ళకా, ఆ సార్‌కా?"

మాస్టారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను.

"నువ్వు కాస్త ఆ సౌండు పెంచు" అన్నారాయన ఆంటీతో.